ఇల్లు వెంట వస్తే యాత్ర కాదా?

"ఇంటిని తోకలా తగిలించుకొని తిరగడం యాత్ర కాదు, సోమరుల విలాసం" అని ఒక మిత్రులు సెలవిచ్చారు. మా అబ్బాయితో కలిసి చిన్న ట్రైలరుతో న్యూజెర్సీ నుండి కాలిఫోర్నియా దాకా, 80వ నంబరు అంతర్రాష్ట్ర రహదారిపై సుమారు 2900 మైళ్ళు ప్రయాణించినవాణ్ణి కనుక బదులు చెప్పక తప్పదు.

ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణం విడిచి కాశీకేగి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చారు. వెంట పల్లకి, డేరాలు, పరివారం! అది యాత్ర కాదనగల సాహసి ఎవరు? పైగా ఆ పల్లకిని మోసినవి బోయీల భుజాలు. మా ఇంటిని మోసినవి రెండు చక్రాలు. ఏది విలాసం?

ఇక సోమరితనమంటారా! ట్రైలరు బరువులో పదో వంతైనా ముందరి కొక్కెంపై పడేట్లు సామాను సర్దకపోతే, వేగం హెచ్చగానే అది అటూ ఇటూ ఊగి కారునే ఈడ్చి పడవేయగలదు. కాలిఫోర్నియాలోనైతే ట్రైలరు లాగే బండి గంటకు 55 మైళ్ళు మించరాదు. సోమరి ఇంత జాగరూకతకు ఓర్చునా? విమానంలో కునికేవారికి యూటా ఉప్పు మైదానం ఎదురుపడునా?

ఒక్క దోషం ఒప్పుకుంటాను. వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకీ వ్రాసిపెట్టారు. తెలుగు పండితుణ్ణని చెప్పుకొనే నేను ఫోటోలు తీసి ఊరుకున్నాను. నిందింపదలిస్తే అందుకు నిందించండి. ట్రైలరు జోలికి పోకండి.