వాయిదా మనది, దస్తావేజు వాళ్లదా?

ఆడవాళ్లకి అప్పిస్తే ఎగ్గొట్టరు అని అందరూ మెచ్చుకుంటారు. నాయకులు సభల్లో అంటారు, బ్యాంకు వాళ్లు మీటింగుల్లో అంటారు. మరి ఇంటి లోను అనేసరికి ఆ నమ్మకం ఎక్కడికి పోతుందండీ?

మా గొలుగొండ వైపు ఏ ఊళ్లో అడిగినా చెబుతారు, డ్వాక్రా వాయిదా రోజున ఎంత హడావుడో. జీడితోటల్లో కూలికెళ్లే ఆవిడైనా, కేంద్రంలో పాలు పోసే ఆవిడైనా ఇంట్లో ఏ ఇబ్బంది ఉన్నా ముందు ఆ డబ్బు పక్కన పెడుతుంది. ఒకరికి కుదరకపోతే మిగతావాళ్లు తలా ఇంత వేసి కడతారు. పొదుపు సంఘాల అప్పుల్లో మొండి బకాయిలు 2 శాతం లోపేనని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే చెబుతుంటుంది. పరపతి అంటే ఇంతకన్నా ఏం కావాలి?

మా సంఘంలో ఒకావిడ పద్నాలుగేళ్లుగా ఒక్క వాయిదా తప్పలేదు. గది వేసుకోవడానికి లోను కోసం నర్సీపట్నంలో ఒక బ్యాంకుకి వెళ్తే నేనూ తోడు వెళ్లాను. పొదుపు పుస్తకం తెరవనే లేదు. "జీతం స్లిప్పు ఉందా? సిబిల్ స్కోరు లేదు కదమ్మా, మీ ఆయన్ని తీసుకురండి" అన్నారు.

స్కోరు ఎందుకు లేదు? ఆ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది, మన పేరు మీదున్న అప్పుల చరిత్ర చూసి వేస్తారు. డ్వాక్రా అప్పు సంఘం పేరు మీద ఉంటుంది. సభ్యుల వివరాలు కూడా విడివిడిగా పంపండని రిజర్వు బ్యాంకు 2016లోనే బ్యాంకులకి చెప్పింది. మళ్లీ 2025 బడ్జెట్లో మనలాంటి వాళ్ల కోసం 'గ్రామీణ్ క్రెడిట్ స్కోర్' తెస్తామన్నారు. పాత అప్పు రికార్డు లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అడిగేవాళ్లని తిప్పి పంపకూడదని కూడా అదే ఏడాది పార్లమెంటులో చెప్పారు. కౌంటరు దగ్గరకి మాత్రం ఇవేవీ చేరినట్టు లేదు.

ఇంటి అప్పు ఇరవై ఏళ్లది, ఆదాయం చూడకుండా ఎలా ఇస్తాం అంటారు. చూడొద్దని ఎవరన్నారు? పద్నాలుగేళ్ల పుస్తకం ఎదురుగా పెట్టాం, అదీ చూడమంటున్నాం. కొన్ని బ్యాంకులు ఆడవాళ్లకి వడ్డీలో 0.05 శాతం తగ్గిస్తాయి. పది లక్షల అప్పు మీద అది ఏడాదికి అయిదొందలు. మనకి కావలసింది ఆ అయిదొందలా?

నాకు అంతకన్నా మండేది ఇంకోటుంది. ఆయన ఇంటి లోను తీసుకునేటప్పుడు మాత్రం మన సంతకం కావాలి. 'కో-అప్లికెంట్' అని చూపించిన చోటల్లా పెట్టిస్తారు. ఆ సంతకంతో అప్పు మొత్తానికీ మనం కూడా బాధ్యులం. ఆయన వాయిదా తప్పితే మన స్కోరూ పడిపోతుంది. కానీ దస్తావేజులో పేరు లేకపోతే ఆ ఇంటికి మనం యజమానులం కాము. అప్పులో సగం, ఆస్తిలో సున్నా! స్థలాల సంగతీ అంతే. డ్వాక్రా డబ్బు, మన పుస్తెలతాడు తాకట్టు డబ్బు పెట్టి కొన్న స్థలం ఎవరి పేరున రిజిస్టరైందో ఒక్కసారి బీరువా తెరిచి చూడండి.

మొగుణ్ణి నమ్మకపోతే కాపురం ఏం కాపురం అంటారు పెద్దవాళ్లు. నమ్మకం ఉంటే రెండు పేర్లూ రాయించడానికి అడ్డేంటి మరి?

అందుకే చెల్లెళ్లూ, అక్కలూ, దస్తావేజులో పేరు లేకుండా లోను కాగితం మీద సంతకం పెట్టకండి. ఏడాదికోసారి క్రెడిట్ రిపోర్టు ఉచితంగా ఇస్తారు, తెప్పించుకోండి. అందులో మీ సంఘం అప్పు కనబడకపోతే తీర్మానం రాసి, పదిమందీ కలిసి బ్యాంకుకి వెళ్లి అడగండి. వాయిదా కట్టడానికి పదిమందిమీ కలిసే వెళ్తున్నాం కదా, హక్కు అడగడానికి ఒక్కళ్లమే ఎందుకు వెళ్లాలి?