తెచ్చేటప్పుడు ఒక్క మాట... తీసేటప్పుడు ఒక్క చూపు!

కాలేజీలో ప్రాజెక్టు ఇవ్వాల్సిన రోజు దగ్గర పడింది. ప్రోగ్రామ్ రాయడం అయింది, జవాబూ సరిగ్గానే వస్తోంది. కానీ నత్తనడక! ఎక్కడ ఆలస్యమవుతోందో అంతుపట్టదు. ఇంజినీరింగ్ పిల్లలున్న ఇళ్లలో తరచూ వినిపించే బాధే ఇది. ఊహించుకుని అక్కడా ఇక్కడా మార్చుకుంటూ పోతే ఉన్నదీ పాడవుతుంది.

కరెంటు బిల్లు ఎక్కువొస్తే ఏం చేస్తాం? ఫ్రిజ్జా, గీజరా, ఏసీనా అని ఒక్కోదాన్నీ చూస్తాం. ప్రొఫైలర్ చేసేదీ అదే. ప్రోగ్రామ్‌లో ఏ ఫంక్షన్ కంప్యూటర్‌తో ఎంత పని చేయిస్తోందో లెక్కకట్టి చూపిస్తుంది. లినక్స్‌లో ఇందుకు పేరున్న ఉచిత సాఫ్ట్‌వేర్ వాల్‌గ్రిండ్. 2002లో జూలియన్ సీవార్డ్ దీన్ని విడుదల చేశారు. సీ, సీ ప్లస్‌ప్లస్ ప్రోగ్రామ్‌లకు బాగా పనికొస్తుంది. ఇందులోని కాల్‌గ్రిండ్ అనే భాగం ప్రొఫైలింగ్ చేస్తే, ఆ లెక్కల్ని కేక్యాష్‌గ్రిండ్ అనే మరో సాఫ్ట్‌వేర్ బొమ్మల రూపంలో చూపిస్తుంది.

తేవడం తేలికే

ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లు టెర్మినల్ తెరిచి ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ వాల్‌గ్రిండ్ కేక్యాష్‌గ్రిండ్’ అని ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొడితే చాలు. ఫెడోరాలో ఆప్ట్ బదులు డీఎన్ఎఫ్. వీటినే ప్యాకేజీ మేనేజర్లంటారు. పెళ్లికి వంటాయన్ని పిలిస్తే సహాయకుల్నీ వెంటబెట్టుకొచ్చినట్టు, అడిగిన సాఫ్ట్‌వేర్‌తో పాటు దానికి అవసరమైనవన్నీ తెచ్చి పెడతాయి. ఒక సంగతి... కాల్‌గ్రిండ్ కింద ప్రోగ్రామ్ మామూలు కన్నా ఎన్నో రెట్లు నెమ్మదిగా నడుస్తుంది. కంగారు పడి మధ్యలో ఆపేయొద్దు.

వెళ్లినా వెళ్లనివి

పనయ్యాక తీసేయాలంటే ఇన్‌స్టాల్ బదులు ‘రిమూవ్’ అంటే సరి. అయితే వంటాయన వెళ్లినా సహాయకులు ఇంట్లోనే ఉండిపోతారు! వాళ్లనీ పంపాలంటే ‘సుడో ఆప్ట్ ఆటోరిమూవ్’ కొట్టాలి. రిమూవ్ చేసినా సిస్టమ్‌లోని సెట్టింగుల ఫైళ్లు మిగిలిపోవచ్చు. అవీ వద్దనుకుంటే ‘పర్జ్’ వాడాలి. ప్రోగ్రామ్ నడిపిన ఫోల్డర్లో ‘కాల్‌గ్రిండ్ డాట్ ఔట్’ పేరుతో మొదలయ్యే ఫైళ్లను మాత్రం ఇవేవీ ముట్టుకోవు. చేత్తో తుడిచేయాల్సిందే.

వై నొక్కేముందు...

అసలు జాగ్రత్త ఇక్కడే. సుడో అంటే ఇంటి తాళాల గుత్తి మొత్తం చేతికివ్వడమే. 2021లో కెనడా యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్స్‌లో ఆటల కోసం స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోయారు. ప్యాకేజీల్లోని ఒక లోపం వల్ల, అది రావాలంటే డెస్క్‌టాప్‌నే తీసేయాలని ఆప్ట్ లెక్క వేసింది. ముఖ్యమైనవి పోతాయని హెచ్చరించింది కూడా. ఆయన దాన్ని దాటేసి, అది అడిగినట్టే ‘యెస్, డూ యాజ్ ఐ సే’ అని కొట్టారు. అంతే... డెస్క్‌టాప్ మాయమై నల్లటి తెర మిగిలింది! తేవడానికి ఇచ్చిన ఆదేశం కూడా ఉన్నవాటిని తీసేయగలదన్నమాట.

కాబట్టి ఆప్ట్ ‘వై’ ఆర్ ‘ఎన్’ అని అడిగినప్పుడు పైనున్న జాబితాను ఒకసారి చదవాలి. రాబోయేవేవో, పోబోయేవేవో అందులోనే ఉంటాయి. అనుమానంగా ఉంటే ఆదేశం చివర ‘మైనస్ ఎస్’ చేర్చితే, ఏదీ మార్చకుండా ఏం జరుగుతుందో చెప్పేస్తుంది. తీసేది ప్రొఫైలర్ ఒక్కటే అయినప్పుడు జాబితాలో డెస్క్‌టాప్ పేరు కనిపించిందా... నిస్సంకోచంగా ‘ఎన్’ నొక్కడమే. అక్క పెళ్లి ఫొటోలు, నాన్న ఆఫీసు లెక్కలు ఉన్నదీ ఆ కంప్యూటర్లోనే కదా!