సందర్శనకూ విరామం ఉండాలి

దక్షిణ అండమాన్‌లోని వండూర్ రేవు నుంచి పర్యాటకుల పడవలు ఏడాదిలో కొన్ని నెలలు జాలీ బాయ్ దీవికి, మిగతా నెలలు రెడ్ స్కిన్ దీవికి వెళ్తాయి. ఒకటి తెరిచి ఉన్నన్నాళ్లూ రెండోదానికి విశ్రాంతి. ఎంత దూరం నుంచి వచ్చినా, ఎంత ఖర్చు పెట్టుకొచ్చినా మూసిన దీవిలో అడుగుపెట్టనివ్వరు. ఇది న్యాయమైన నియమం. పర్యాటక ఒత్తిడికి తలొగ్గి దీన్ని సడలించకూడదు. మన కోరింగ మడ అడవులకూ, హోప్ ఐలాండ్‌కూ ఇలాంటి విరామాన్నే చట్టబద్ధం చేయాలి.

వండూర్ చుట్టూ ఉన్న మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానం 1983లో ఏర్పడింది. విస్తీర్ణం 281.5 చదరపు కిలోమీటర్లు. దీవులు, వాటి మధ్య సముద్రం, ఉప్పునీటి మొసళ్లు తిరిగే మడ పాయలు అందులో భాగం. రోజుకు ఇంతమందినే అనుమతించాలన్న పరిమితి ఉంది. ప్లాస్టిక్ సీసాలు, సంచులు రేవు దాటకూడదు.

ఇంత కట్టడి ఆ దీవుల చుట్టూ ఉన్న పగడాల కోసమే. రాయిలా కనిపించే పగడపు దిబ్బ నిజానికి వేల వేల చిన్న జీవుల కాపురం. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మ నాచే వాటికి తిండినీ రంగునూ ఇస్తుంది. నీరు మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువగా వేడెక్కి, కొన్ని వారాలు అలాగే ఉంటే ఆ నాచు వెళ్లిపోతుంది, పగడం తెల్లబడుతుంది. 1998లో, 2010లో అండమాన్ పగడాలకు ఇదే జరిగింది. గుండ్రటి పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరగడమే గొప్ప. సముద్రం వేడెక్కడాన్ని ఒక ఉద్యానం ఆపలేదు. లంగరు దెబ్బనూ, ఈతకు దిగినవారి తొక్కుడునూ, చెత్తనూ ఆపగలదు. ఆపగలిగినవి ఆపితేనే, ఆపలేని దెబ్బ నుంచి తేరుకునే బలం పగడానికి మిగులుతుంది.

ఈ జాగ్రత్త ముందే తీసుకోకపోతే ఏమవుతుందో థాయిలాండ్ చూసింది. ఒక హాలీవుడ్ సినిమాతో పేరు మోసిన మాయా బే తీరానికి జనం విరగబడి పగడాలు నాశనమయ్యాక, 2018లో దాన్ని మూసేశారు. 2022 జనవరిలో గాని తిరిగి తెరవలేదు. ఆ విరామంలో రెక్కల కొసలు నల్లగా ఉండే సొరచేపలు మళ్లీ ఒడ్డు దగ్గరికి వచ్చాయి. ఇప్పుడు అక్కడ ఏటా కొన్ని వారాలు సందర్శన ఆపుతున్నారు.

నియమాలు బిగిస్తే పడవవాళ్ల పొట్ట కొట్టినట్టేనన్న వాదన ఉంది. వారి జీవనం గురించిన ఆందోళన నిజమైనదే. అయితే వండూర్‌లో ఒక దీవి మూస్తే మరొకటి తెరుస్తున్నారు. పడవలు ఆగడం లేదు, కూలి పోవడం లేదు. పగడాలు చచ్చిపోతే మాత్రం రెండు దీవులూ పనికిరావు, పడవలన్నీ రేవులోనే ఉండిపోతాయి.

విరామం మన తీరానికి కొత్త కాదు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవలు వేటకు వెళ్లవు. రెక్కాడితే గాని డొక్కాడని మత్స్యకారులు సముద్రం కోసం రెండు నెలలు ఆగుతున్నప్పుడు, సరదాగా చూడటానికి వెళ్లేవాళ్లు ఆగలేమనడం అన్యాయం.

కాకినాడ దగ్గరి కోరింగ అభయారణ్యం నీటికుక్కలకూ బావురు పిల్లులకూ నిలయం. కాకినాడను సముద్రపు పోటు నుంచి కాచే హోప్ ఐలాండ్ ఇసుక తిన్నెల మీద శీతకాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. రాత్రిపూట దీపాలు వెలిగితే గుడ్డులోంచి వచ్చిన పిల్లలు సముద్రం ఎటో తెలియక దారి తప్పుతాయి. అందుకే జనవరి నుంచి ఏప్రిల్ వరకు చీకటి పడ్డాక ఆ దీవిలో ఎవరినీ ఉండనివ్వకూడదు, దీపాలు వెలగనివ్వకూడదు. గూళ్లున్న చోట్లకు పగలు కూడా సందర్శకులను పంపకూడదు. రోజుకు ఎంతమందో, మడ పాయల్లో ఎన్ని ఇంజిన్ పడవలో ముందే నిర్ణయించి రేవులో బోర్డు పెట్టాలి. ఆ సంఖ్యను తేల్చాల్సింది అక్కడి జీవుల అవసరాలు, టిక్కెట్ల ఆదాయం కాదు. పడవలు నడిపే పని, దారి చూపే పని చుట్టుపక్కల మత్స్యకార కుటుంబాలకే దక్కాలి. అప్పుడే ఆ తీరానికి వారు కాపలాగా నిలుస్తారు.

ప్రయాణికులకూ బాధ్యత ఉంది. పగడాన్ని తాకకూడదు, గవ్వ ఏరుకోకూడదు, గూటి దగ్గర ఫోన్ లైటు వేయకూడదు. మూసి ఉందంటే వెనుదిరగాలి. ఈ మాత్రం పాటించలేనివారు అక్కడికి వెళ్లకపోవడమే మేలు.

అటవీ, పర్యాటక శాఖలు కలిసి కూర్చుంటే ఈ నిబంధనలు రాయడానికి కొన్ని వారాలు చాలు. వచ్చే జనవరిలో తాబేళ్లు ఒడ్డెక్కే లోపే ఆ ఉత్తర్వు వెలువడాలి.