కుశస్థలిలో ఉప్పు ఎవరు కొలవాలి?

నగరి: మరమగ్గాల ఊరు నగరి. నూలుకు రంగు అంటాలంటే ఉప్పు తప్పదు. అద్దకం నీరు కుశస్థలిలో కలుస్తోందన్న ఫిర్యాదు ఏళ్లనాటిది. ఈ యేరే తమిళనాడులోని పూండి జలాశయం చేరి చెన్నైకి తాగునీరవుతుంది.

1974 చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి నోటీసులివ్వవచ్చు, తాళాలు వేయవచ్చు. అయితే తొట్టిలో తేర్చితే రంగు విరుగుతుందేమోగాని ఉప్పు పోదు. పైరు మాడినప్పుడుగాని రైతుకు ఆ సంగతి తెలియదు.

తిరుప్పూరులో నొయ్యల్ నది ఇలాగే చెడితే 2011లో మద్రాసు హైకోర్టు అద్దకం మిల్లులను మూయించింది. వ్యర్థజలం చుక్కైనా వదలని వాటికే మళ్లీ అనుమతి దక్కింది. అందుకు నీటిని వడగట్టి, ఉప్పును ఎండగట్టాలి. చిన్న అద్దకందారు ఒంటరిగా మోయగల ఖర్చు కాదది. ఉమ్మడి శుద్ధి కేంద్రమే దారి. సరిహద్దు వద్ద ఉభయ రాష్ట్రాల మండళ్లూ కలిసి ఉప్పు కొలవాలి, ముఖ్యంగా యేరు సన్నగిల్లే వేసవిలో.