దుబాసీ లేక మూలపడిన యంత్రాలు

అయ్యా,

గంజాం జిల్లాలో, బరంపురంలో శుభలేఖలు, కరపత్రాలు అచ్చువేసి బతికే చిన్న దుకాణదారుల చిక్కొకటి తమ పత్రిక ద్వారా మనవి చేయుచున్నాను.

ప్రింటరు, స్కానరు చెడిపోకున్నా, కంప్యూటరు మార్చగానే పలకడం లేదు. కారణం డ్రైవరు. యంత్రానికీ ఆపరేటింగ్ సిస్టముకూ నడుమ అది దుబాసీ వంటిది. రెండు భాషల మన ఊరివారికి దుబాసీ విలువ వేరే చెప్పనక్కరలేదు. 32 బిట్ల విండోస్‌కు వ్రాసిన డ్రైవరు 64 బిట్ల విండోస్‌లో పనిచేయదు. 2021లో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు. పోనీ పాత ఎక్స్‌పీతోనే నెట్టుకొద్దామంటే, దానికి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగినది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ఆగినది.

లినక్స్‌లో ఎన్నో పాత స్కానర్లు నేటికీ పనిచేయుచున్నవి. ఔత్సాహికులు డ్రైవర్లు వ్రాసి ఉచితంగా ఇచ్చుటయే అందుకు కారణం. కావున మద్దతు మానుకొను తయారీదారులు ఆ యంత్రపు సాంకేతిక వివరాలను బహిరంగపరచవలెనని ప్రభుత్వం శాసించాలి. తన కార్యాలయాల కొనుగోళ్లలోనైనా ఈ షరతు పెట్టవచ్చును. అమ్మినవారికది పాత సరకే కావచ్చు. అప్పుచేసి కొన్నవానికి అదే జీవనాధారం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం.