పలుకని బిడ్డ పొగరుబోతు కాదు

పిలిచినను పలుకని బిడ్డను పొగరుబోతని దండించుటకు ముందు, మన పిలుపు ఆ బిడ్డకు వినఁబడినదో లేదో విచారింపవలదా? ఇది మేము పరోపదేశముగా వ్రాయుట లేదు. చేసిన తప్పునకు వగచి వ్రాయుచున్నాము.

మా రెండవ యమ్మాయికి అయిదేండ్లు నిండిన యేఁట పడిసెము పట్టి విడువలేదు. అది తగ్గినను పిల్ల వాలకము మాఱెను. వంటయింటినుండి పిలిచిన పలుకదు. టీవీ ధ్వని హెచ్చింపుమని పోరును. చెవిపోటు లేదు, చీము లేదు, జ్వరము లేదు. గావున మాకు చెవిమీఁద ననుమానమే పొడమలేదు. పద్య మప్పగింపలేదని ఒకనాఁడు మావారే బడిలో నామెను గంటసేపు నిలువఁబెట్టిరి. కొన్నాళ్లకు వారే కనిపెట్టిరి: ముఖము చూచి యడిగిన బదులు చెప్పును, నల్లబల్లవైపు తిరిగి యడిగిన చెప్పదు.

ఇరుగుపొరుగువారు వెల్లుల్లి వేసి కాఁచిన నూనె పోయుమనిరి, పోసితిమి. అది వ్యర్థమని చెవివైద్యుఁడు చెప్పఁగాఁ దెలిసినది. కర్ణభేరి వెనుక గాలి నిండియుండవలసిన చిన్న గది కలదు. ముక్కు వెనుకనుండి యొక గొట్టము దానికి గాలి నందించును. పిల్లలలో నీ గొట్టము సన్నము, వాలు తక్కువ. పడిసెముచేతఁ గాని, అడినాయిడ్లు వాచుటచేతఁ గాని అది మూసికొనిన, గదిలో ద్రవము చేరి జిగురువలె చిక్కఁబడును. పైనఁ బోసిన నూనె భేరిని దాఁటి యచ్చటికిఁ బోఁజాలదు. భేరికి రంధ్రమున్నచో హానియుఁ గలుగును.

పెక్కుమంది పిల్లలకు నీ జిగురు తనంతటఁ దానే హరించును. అందుచేత మూఁడు నెలలు వేచి మరల వినికిడి పరీక్షింతురు. అప్పటికిని తగ్గక, చదువునకు మాటకు చెఱుపు కలుగుచున్నచో, శస్త్రముచేత భేరియందు గ్రామెట్ అను చిన్నగొట్ట మమర్చుట యొక మార్గము. వినికిడి యంత్రము వేఱొక మార్గము. ఇంగ్లండునందలి నైస్ సంస్థ 2023లో వెలువరించిన సూచనలలో నీ రెండును గలవు.

మేము యంత్రమునే కోరితిమి. “ఆఁడపిల్ల చెవికి యంత్రమా? రేపు సంబంధాలొస్తాయా?” అని మా యత్తగారు కన్నీరు పెట్టిరి. మాకును మనసు తల్లడిల్లకపోలేదు. కాని యిది యావజ్జీవము ధరింపవలసినది కాదు. జిగురు పోయిన తీసివేయవచ్చును. మాటలు నేర్చు నీడు మాత్రము మరలి రాదు.

యంత్రము పెట్టిన మఱునాఁటి యుదయమున పిల్ల పొయ్యి చెంత నిలిచి, “అమ్మా, పోపు చిటపటలాడుతోందే!” అనెను. అత్తగారు ముఖము త్రిప్పుకొని కన్నులు తుడుచుకొనిరి. ఎనిమిది నెలలకు పరీక్షలో ద్రవము లేదని తేలఁగా యంత్రము పెట్టెలోనికిఁ బోయినది.

తల్లులారా! ఈ వినికిడి యొకనాఁడు మేలుగాను, ఒకనాఁడు మందముగాను ఉండును. బాగుగ విన్ననాఁటిని చూచి మోసపోకుఁడు. దగ్గఱకుఁ బోయి, ముఖము చూపి మాటలాడుఁడు. బడిలో ముందుబల్లమీఁదఁ గూర్చుండఁబెట్టుమని కోరుఁడు. ఇంట పొగాకు పొగ చేరనీయకుఁడు.

మావారు నేఁడు తరగతిలో బదులు చెప్పని బిడ్డను నిలువఁబెట్టరు. దగ్గఱకుఁ బోయి, మరల నడుగుదురు.