కొర్రన్నం గొప్పే, మరి మన ఇంట్లో వండుతున్నామా?



మన కర్నూలు, కడప పల్లెల్లో పెద్దోళ్లను కదిలిస్తే చాలు, కొర్రన్నం, జొన్న సంగటి రుచే వేరంటారు. అదే కొర్రన్నం ఇప్పుడు కంచంలో పెడితే రెండు ముద్దలకే గొంతు దిగదంటారు. పిల్లలను అని లాభం లేదు. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక వరన్నమే రోజూ తిండి అయింది. పైగా ఆ కొర్రలు దంచింది ఆడోళ్లు. ఆ చాకిరీ తప్పిందని వాళ్లు సంతోషపడడంలో తప్పేముంది?

ఇప్పుడు దంచే పని లేదు, మర ఉంది. విత్తనానికీ కొదవ లేదు, నంద్యాల పరిశోధన స్థానం ఇచ్చిన సూర్యనంది రకం ఉంది. తక్కువైంది తినేవాళ్లే. మనం కొర్రలు మూటగట్టి అమ్మి, సోనా మసూరి కొనుక్కుంటున్నాం. ఊరు తినని పంటకు వ్యాపారి చెప్పిందే ధర.

కొర్రన్నం చల్లారితే బిరుసెక్కుతుంది. బాగా నానబెట్టి వండి, వేడిమీదే చెనిక్కాయల ఊరిబిండితో తినండి, పిల్లలూ తింటారు. ఈసారి అమ్మే ముందు ఒక మూట ఇంటికి ఉంచండి. పాతరుచులని పొగిడితే పంట నిలవదు, తింటేనే నిలుస్తుంది.

నానబెట్టే పద్ధతి, నీళ్ల కొలత కింది వీడియోలో చూడండి.